కొండ నడకకు కుక్కల్ని తీసుకుపోవచ్చా, ఇంట్లోనే కట్టేసి పోవాలా?

కొండదారి:
పోయిన ఆదివారం కడప నుంచి ఆరుగురం ఫ్రెండ్స్, రెండు కుక్కలు కలిసి మా మేనమామ వాళ్ల ఊరి వెనకున్న గుట్టెక్కాం. పొద్దున ఆరున్నరకు మొదలుపెడితే దిగేసరికి సాయంత్రం నాలుగు. ఒక కుక్క నాది, నల్లోడు. వీధిలో దొరికిన నాటు కుక్క. రెండోది మా ఫ్రెండ్ వాళ్ల లాబ్రడార్, బ్రూనో. పైన చెట్టు కింద కూర్చుని జొన్న రొట్టె, చెనిక్కాయల పొడి విప్పితే రెండూ మా చేతుల వంకే చూస్తూ కూర్చున్నాయి. ఈ మధ్య అంత బాగా గడిచిన రోజు లేదు.

ఇక అసలు విషయం. వచ్చే నెల సిద్ధవటం దగ్గర నిత్యపూజకోనకు పోదాం, కుక్కల్ని కూడా తెద్దాం అని ఒకడన్నాడు. అడవిలోకి కుక్కల్ని తేవడం తప్పని ఇంకొకడు. రాత్రి పన్నెండు దాకా వాట్సాప్‌లో గొడవే. గొర్రెల కాపరి కుక్క రోజూ పోయే చోటికి నా కుక్క ఒక్క రోజు పోతే ఏమవుతుందనేది నా ప్రశ్న.

చింతతోపు:
ఏమీ కాదు. తీసుకుపో అన్నా. తోడుగా ఉంటుంది, పామునో పురుగునో ముందే పసిగడుతుంది.

మందకాడ:
మాది కళ్యాణదుర్గం వైపు. మా తాతకు గొర్రెల మంద ఉండేది, కాబట్టి ఆ కాపరి కుక్క మాట నేను చెప్తా. దాని చూపు మంద మీదే ఉంటుంది. పొదలో ఏదో కదిలితే చెవులు నిక్కబొడుచుకుని రెండు మొరుగులు మొరిగి మళ్లీ గొర్రెల పక్కకే వస్తుంది. చిన్నప్పటి నుంచి దాని పనే అది. మన కుక్కలు వారమంతా గేటు లోపల ఉండి ఒక్కసారిగా కొండ మీద వదిలితే చప్పుడైన ప్రతి పొదలోకీ దూరతాయి.

మా వైపు గుట్టల్లో ఎలుగులున్నాయి. ఎలుగు కనబడితే కుక్క ముందుకురికి మొరుగుతుంది. ఎలుగు తిరగబడుతుంది. అప్పుడు కుక్క ఎటు పరుగెత్తుతుందో తెలుసా? నీ దగ్గరికే, ఎలుగును వెంటబెట్టుకుని. మా చిన్నాయన అట్లాగే ఒకసారి చెట్టెక్కి గంటన్నర కూర్చున్నాడు. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆ కథే చెప్తాడు. చిరుత సంగతి వేరే చెప్పాలా, దానికి కుక్కంటే ఎంత ఇష్టమో అందరికీ తెలిసిందే.

తుప్పలబాట:
ఊరి గుట్ట వేరు, నిత్యపూజకోన వేరు అన్నా. అది లంకమల అభయారణ్యం. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న కలివి కోడి 1986లో మళ్లీ దొరికింది సిద్ధవటం పక్కన రెడ్డిపల్లి దగ్గరే. దాని కోసమే 1988లో అభయారణ్యం చేశారు. తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది. అది నేల మీద పరుగెత్తే పక్షి. పగలు తుప్పల్లో నక్కి ఉంటుంది, రాత్రి బయటికొస్తుంది. మన బ్రూనో వాసన పట్టుకుంటూ దూరేది ఆ తుప్పల్లోకే.

రోగాల సంగతి కూడా చూడాలి. 2018లో గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చచ్చిపోయాయి. పరీక్షల్లో డిస్టెంపర్ వైరస్ బయటపడింది. కుక్కల్లో మామూలుగా కనబడే వైరస్సే అది.

చింతతోపు:
శివరాత్రికి అదే కోనకు వేలమంది పోతారు. ప్లాస్టిక్ కవర్లు, మైకులు, పొయ్యిలు. అప్పుడు గుర్తుకురాని కలివి కోడి నల్లోడిని చూడగానే గుర్తొచ్చిందా?

తుప్పలబాట:
అప్పుడూ గుర్తుంటుంది, అప్పుడూ అరుస్తాం. జనం గుడి దారి పట్టుకుని పోయి వస్తారు, వదిలిన కుక్కకు దారితో పనేముంది? పైగా అది ఎర్రచందనం అడవి. గుడి దారి విడిచి పక్కకు పోతే అటవీ శాఖ వాళ్లు మనిషినే ఆపి అడుగుతారు. కుక్క వెనక పరుగెత్తుతున్నాం సార్ అంటే నమ్ముతారా!

బ్రూనోవాళ్లింటిది:
బ్రూనో మాదే. కొండదారి అన్న సగమే చెప్పినాడు. మిగతాది నేను చెప్తా.

పన్నెండున్నరకు దిగడం మొదలుపెట్టాం. బండలు కాలిపోతున్నాయి. మాకు బూట్లున్నాయి, వాడికి లేవు కదా. సగం దారిలో బ్రూనో నీడ చూసుకుని పడుకుని ఇక లేవలేదు. నాలుక పక్కకు వేలాడుతోంది, చిగుళ్లు ఎర్రగా అయిపోయాయి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి వేడి తగ్గించుకోవాల్సిందే. ఒళ్లు వేడి మామూలుగా 101, 102 ఉంటుంది, 106 దాకా పోతే ప్రాణాల మీదికే వస్తుంది. మా దగ్గర మిగిలింది రెండు లీటర్ల నీళ్లు. పొట్ట మీద, కాళ్ల మీద పోసి, టవల్‌తో విసిరి, గంట తర్వాత దుప్పట్లో వేసుకుని నలుగురం మోసుకొచ్చాం. ముప్పై రెండు కిలోలు! రెండు పాదాలకు బొబ్బలు. మూడు రోజులు వాడు గడప దాటలేదు. నల్లోడు మాత్రం పల్లేరు కాయలు గుచ్చుకుంటే మూడు కాళ్ల మీద నిలబడి, తీసేదాకా ఆగి, మళ్లీ పరుగు. నాటు కుక్క నాటు కుక్కే.

ఇప్పుడు నన్నడిగితే, బండ మీద అరచెయ్యి వెనక భాగం పెట్టి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే ఆ కొండకు కుక్కను తీసుకురావద్దు.

మందకాడ:
ఇదెందుకు దాచావు అబ్బీ?

కొండదారి:
దాచలేదన్నా. ఫొటోలన్నీ పైన తీసినవే, కిందికి దిగేటప్పుడు ఎవరం తీయలేదు. రాసేటప్పుడు ఆ ఫొటోలే చూసుకుంటూ రాశాను. మోసింది గుర్తుంది, భుజం ఇంకా నొప్పిగానే ఉంది.

కోనకు కుక్కలు రావు, ఒప్పుకున్నా. ఊరి గుట్టకు మాత్రం నల్లోడిని వదిలిపెట్టి పోలేను. తాడుతో తీసుకుపోతా. తెల్లారి ఐదుకు ఎక్కి తొమ్మిదిలోపు దిగుతాం.

చింతతోపు:
ఐదుకు మీ గ్యాంగ్‌లో ఎవరు లేస్తారు?

కొండదారి:
నల్లోడు లేస్తాడు.