నల్లరేగడిలో దిమ్మెల మీద చెక్క గది: గుంట ఎంత లోతు తీయాలి?

అందరికీ నమస్కారం. మేముండేది చెన్నైలో. చెంగల్పట్టు వైపు ఉన్న కాస్త స్థలంలో 10×12 అడుగుల చెక్క గది సొంతంగా కట్టుకుందామని ఉంది. నేలమీద స్లాబు వేయకుండా తొమ్మిది కాంక్రీటు దిమ్మెల మీద రెండడుగుల ఎత్తున నిలబెడదామని ఆలోచన. ఐప్పసి, కార్తీక (అక్టోబరు–డిసెంబరు) వానలకి అక్కడ నీళ్లు నిలుస్తాయి, చెద కూడా ఎక్కువే.

అసలు చిక్కంతా మట్టితోనే. పైన జానెడు ఎర్రమట్టి, కింద అంతా నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వాన పడితే చెప్పులు ఊడబెరికే బంక. మేస్త్రీ మాత్రం "మూణడి పోదుం సార్" అంటున్నాడు, అంటే మూడడుగులు చాలట. ఉబ్బి కుంగే నేలలో తేమ మారని లోతుకి దిగాలని, అడుగున వెడల్పు చేసిన అండర్‌రీమ్డ్ పైల్స్ (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) వేయాలని చదివాను. పైల్ పునాదుల భారత ప్రమాణం ఐఎస్ 2911లో మూడో భాగం వాటి గురించే. ఇంత చిన్న గదికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అవుతుందా? దిమ్మె చుట్టూ ఇసుక నింపితే సరిపోతుందా?

ఇంకోటి, తుఫాను గాలి. కట్టడాల మీద పడే భారాల ప్రమాణం ఐఎస్ 875 లెక్కలో గాలి వేగం బెంగళూరుకి సెకనుకు 33 మీటర్లైతే చెన్నైకి 50. గది తేలిక కాబట్టి కుంగడం కంటే పైకి లేచిపోతుందేమోనన్నదే నా భయం. స్తంభాన్ని దిమ్మెకి బిగించడానికి కాంక్రీటులో ముందే పాతే జె-బోల్టులు మేలా, తర్వాత డ్రిల్ చేసి పెట్టే యాంకర్లా? ఉప్పుగాలికి గాల్వనైజ్డ్ నిలుస్తుందా, స్టెయిన్‌లెస్సే కొనాలా?

ఇలాంటి నేలలో కట్టినవాళ్లుంటే ఎంత లోతు తీశారో, రెండు మూడు వానాకాలాల తర్వాత తలుపులు సరిగ్గా పడుతున్నాయో లేదో చెప్పండి. దిమ్మెల ఫోటోలుంటే ఇంకా మంచిది.