కస్టర్డ్ పై: అడుగు తడిసిపోతోంది, కోస్తే నీళ్లు ఊరుతున్నాయి

ప్రశ్న: అమెరికా పద్ధతి ఎగ్ కస్టర్డ్ పై (pie: పళ్లెంలో పిండి ముద్దను పల్చగా పరిచి, అందులో గుడ్లు, పాల మిశ్రమం పోసి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం). 9 అంగుళాల లోతు పళ్లెం, 4 గుడ్లు, 600 మి.లీ. పాలు, 120 గ్రాముల పంచదార, జాజికాయ పొడి. పచ్చి పిండి మీదే పోసి 180 డిగ్రీల్లో 55 నిమిషాలు పెడుతున్నాను. లోపం ఎక్కడుందండీ?

జవాబు 1: రెండూ వేర్వేరు లోపాలు. నీళ్లు ఊరాయంటే ఎక్కువ ఉడికినట్టే. 85 డిగ్రీలు దాటితే గుడ్డులోని ప్రొటీన్లు బిగుసుకుపోయి, పట్టుకున్న నీటిని వదిలేస్తాయి. ఓవెన్ 160కి తగ్గించండి. అంచులు గట్టిపడి, పళ్లెం కదిపితే నడుమ జున్నులా ఊగుతున్నప్పుడే తీసేయాలి. మిగతాది ఆ వేడికే ఉడుకుతుంది. థర్మామీటర్ ఉంటే నడుమ 77–80 చూపాలి. నడిమధ్యలో కత్తి గుచ్చి, అంటకుండా వచ్చేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు.

జవాబు 2: అడుగు సంగతి. పచ్చి పిండి మీద పాలు పోస్తే అది కాలేలోపే తాగేస్తుంది. పిండి పరిచాక అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి, లేకపోతే అంచులు జారిపోతాయి. బేకింగ్ పేపర్ వేసి, అంచుదాకా ఎండు శనగలు నింపి 200లో 20 నిమిషాలు. శనగలు తీసేసి ఇంకో పది నిమిషాలు, అడుగు లేత గోధుమరంగుకి వచ్చేదాకా. వేడి మీదే తెల్లసొన పూసి రెండు నిమిషాలు లోపల పెడితే సన్నటి పొర కడుతుంది. ఫోర్కుతో మాత్రం పొడవద్దు, ఆ చిల్లుల్లోంచే కారుతుంది.

ప్రశ్న అడిగినవారు: పాలు చల్లగా పోయొచ్చా?

జవాబు 1: వేడిగానే, కానీ మరిగించకుండా. గిలకొట్టిన గుడ్లలో కొద్దికొద్దిగా కలిపి వడకట్టండి. నురగ కూడా తీసేయాలి, లేకపోతే పైన గుంటలు పడతాయి. కోసేముందు కనీసం మూడు గంటలు చల్లారనివ్వండి.