రొమ్ము క్యాన్సర్ తొలి దశలో అందరికీ పెట్ స్కాన్ అవసరమా?

భవానీపురం చెల్లి (విజయవాడ):
మా అక్కకి 52 ఏళ్లు. రొమ్ములో రెండు సెంటీమీటర్ల గడ్డ. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది, చంకలోకి పాకలేదన్నారు. ఆపరేషన్‌కి ముందు పెట్ సీటీ (క్యాన్సర్ ఎక్కడికైనా పాకిందేమో ఒళ్లంతా వెతికే స్కాన్, అనుమానం ఉన్నచోట మెరుస్తుందట) తీయిస్తే ఊపిరితిత్తిలో 4 మిల్లీమీటర్ల మచ్చ, కాలేయంలో నీటి బుడగ, థైరాయిడ్‌లో ఒకచోట మెరుపు ఉన్నాయని రాశారు. నాలుగో స్టేజీ అయ్యుంటుంది, మీరే దాస్తున్నారని అక్క అన్నం సరిగ్గా తినట్లేదు. ఇవన్నీ తేలేదాకా ఆపరేషన్ వద్దని బావ పట్టుబట్టారు. అసలు ఈ స్కాన్ తీయించాల్సిందేనా?

కొత్తపేట స్కానింగ్ టెక్నీషియన్ (గుంటూరు):
అక్కర్లేదనే నా మాట. ఒకటి, రెండు స్టేజీల్లో ఎముకల నొప్పి, దగ్గు లాంటి లక్షణాలేవీ లేనివాళ్లకి పెట్, సీటీ, బోన్ స్కాన్ మామూలుగా తీయొద్దని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2012లోనే చెప్పింది. ఈ దశలో వేరే అవయవాలకి పాకడం చాలా అరుదు. యాభై దాటినవాళ్ల ఒళ్లంతా వెతికితే ఏదో ఒక మచ్చ దొరుకుతుంది. మన దగ్గర ఎప్పుడో వచ్చి మానిన టీబీ గుర్తులూ ఎక్కువే.

తెనాలి నుంచి ఒక భర్త:
ఒప్పుకోనండీ. మా ఆవిడకి వెన్నెముకలో ఉన్నట్టు స్కాన్‌లోనే బయటపడింది. దాంతో ఆపరేషన్ మానేసి మందులు మొదలెట్టారు. చూడకుండా కోసేసి ఉంటే?

కొత్తపేట టెక్నీషియన్:
మీ ఆవిడగారికి చంకలో గ్రంథులకి బాగా పాకిందని వేరే చర్చలో మీరే రాశారు. మూడో స్టేజీలో తీయాల్సిందే, అందులో వాదన లేదు.

చెల్లీ, ఇక మీ రిపోర్టు సంగతి. మామూలు నీటి బుడగే అయితే దాని జోలికి వెళ్లక్కర్లేదు. 4 మిల్లీమీటర్ల మచ్చ ఏమిటో పెట్ చెప్పలేదు, అంత చిన్నదాన్ని సూదితో అందుకోవడమూ కష్టం. కొన్ని నెలలాగి మళ్లీ సీటీ తీసి, పెరిగిందేమో చూస్తారు. థైరాయిడ్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పెట్‌లో అలా ఒకేచోట మెరిసిన వాటిలో సుమారు మూడింట ఒకటి క్యాన్సరే. అల్ట్రాసౌండ్, అవసరమైతే సూది పరీక్ష చేయించండి. ఒకవేళ అదే అయినా ఎక్కువగా నిదానంగా పెరిగే రకమే. దానికోసం రొమ్ము ఆపరేషన్‌ని నెలల తరబడి వాయిదా వేయడం అన్యాయం. ఇందులో ఏది తేలితే వైద్యం మారుతుందో సర్జన్‌గారిని సూటిగా అడగండి. పాత ఛాతీ సీటీ ఏమైనా ఉందా?

భవానీపురం చెల్లి:
2021లో కోవిడ్ వచ్చినప్పుడు తీయించిన ఫిల్ములు బీరువాలో ఉన్నాయండీ.

కొత్తపేట టెక్నీషియన్:
వెంటనే పట్టుకెళ్లండి! అదే చోట అదే సైజు మచ్చ అప్పుడే ఉంటే ఇది పాకిన క్యాన్సర్ అనుకోనక్కర్లేదు. కొత్త రిపోర్టు రాసిన డాక్టరుగారే రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

తెనాలి నుంచి ఒక భర్త:
ఫిల్ముల మాట మంచిదే, తప్పకుండా చూపించమ్మా. స్కాన్ వద్దనడం మాత్రం నాకు మింగుడుపడదు. ఆ అరుదైన ఒక్కరూ మన ఇంటి మనిషే అయితే?