అడవివరం జైల్లో ఉన్నవాళ్లకి డిగ్రీ, వెల్డింగ్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా తమ్ముడు అడవివరం సెంట్రల్ జైల్లో ఉన్నాడు. శిక్ష ఇంకా నాలుగేళ్లు. తెలుగు మీడియంలో ఇంటర్ పాసయ్యాడు. ఇగ్నోలో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) బీఏ కట్టిద్దామని, వెల్డింగ్ కూడా నేర్పిద్దామని ఉంది. ఇంట్లోవాళ్లం ఏం సిద్ధం చేసుకోవాలండీ?

సింహాచలం మెట్లు: ముందు అతని ఆధార్‌కి ఇచ్చిన పాత నంబరు సిమ్ వెతకండి. 2024 నుంచి దూరవిద్యలో చేరాలంటే డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉండాలి. దానికి ఏబీసీ ఐడీ (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఖాతా సంఖ్య) కావాలి, ఏబీసీ ఐడీకి ఆ సిమ్‌కి వచ్చే ఆధార్ ఓటీపీ కావాలి. చాలామంది దరఖాస్తు ఆగిపోయేది ఇక్కడే. 90 రోజులు వాడని సిమ్‌ని కంపెనీ తీసేయొచ్చు. ఇంకా పనిచేస్తుంటే ఇవాళే రీఛార్జ్ చేయించండి. పోయిందా, ఆధార్‌లో కొత్త నంబరు ఎక్కాలంటే అతనే స్వయంగా ఉండాలి, మీరు వెళ్తే పనవదు. ఆధార్ నమోదు కిట్ జైలు లోపలికి తెప్పించమని సూపరింటెండెంట్ గారికి అతని చేతే అర్జీ పెట్టించండి.

ఇంటర్ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు చూడండి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరం ఉంటే ముందు అది సరిచేయించాలి.

దూరవిద్య మిత్ర: ఖైదీలకి ఇగ్నో ఫీజు మాఫీ ఉంది, జైలు ధ్రువీకరణ లేఖ జతచేయాలి. ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది. నాకు బెంగ మీడియం గురించే. పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి. ఇగ్నో వాళ్ల ఈ-జ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి కాబట్టి రెండు పాఠాలు ప్రింట్ తీసి, అనుమతి తీసుకుని ములాఖత్‌లో ఇవ్వండి. చదివి అర్థమవుతోందంటేనే కట్టించండి.

అసైన్‌మెంట్లకి 30 శాతం, పరీక్షకి 70. పరీక్ష బాగా రాసినా అసైన్‌మెంట్లు ఇవ్వకపోతే ఆ పేపరు పూర్తికాదు. సొంత దస్తూరీతో రాసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. మధ్యలో వేరే జైలుకి మార్చినా, బెయిలొచ్చినా పరీక్షా కేంద్రం మార్పుకి వెంటనే రాతపూర్వకంగా అడగాలి. జూన్, డిసెంబరు పరీక్షలు ఒకసారి తప్పితే ఆర్నెల్లు పోతాయి.

ఆటోనగర్ ఆర్క్: వెల్డింగ్ సంగతి నేను చెప్తాను. నేర్పేది 6013 రాడ్డుతోనే (మామూలు పనులకి వాడే వెల్డింగ్ రాడ్డు) ఆపేస్తున్నారా, 7018 (గట్టి జాయింట్లకి వాడే రాడ్డు) కూడా పట్టిస్తున్నారా కనుక్కోండి. 7018 చెమ్మ పీలుస్తుంది. ఓవెన్‌లో కాల్చకుండా కొడితే జాయింట్‌లో గాలి రంధ్రాలు పడతాయి, పగుళ్లొస్తాయి. బయట పనిలో పెట్టుకునే ముందు చేసే ట్రయల్లో ప్లేటుకి వి-గాడి తీసి, వెల్డ్ చేయించి, ముక్క కోసి వంచి చూస్తారు. పగిలితే అంతే. పడుకోబెట్టిన ప్లేటు మీద చెయ్యి కుదిరాక 3జీ, అంటే నిలువు వెల్డు, రోజూ కొట్టాలి. పైపు 6జీ (ఏటవాలుగా బిగించిన పైపు చుట్టూ వెల్డు) వచ్చినవాడికి కూలి బాగా ఎక్కువ.

ఇంకోటి, స్టీల్ ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు గేట్‌పాస్‌కి పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు. ఆ ఆశ అతనికి ఇప్పుడే పెట్టకండి. ఆటోనగర్, గాజువాక ఫ్యాబ్రికేషన్ షాపుల్లో ముందు చేతి పనితనం చూస్తారు.

ప్రశ్న అడిగినవారు: సిమ్ దొరికిందండీ, పనిచేస్తోంది. రీఛార్జ్ చేయించాను. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది.

సింహాచలం మెట్లు: అయితే ఆధార్‌నే మెమో ప్రకారం మార్పించండి. మెమో మార్చాలంటే ఇంటర్ బోర్డు చుట్టూ తిరగాలి.