నొప్పి లేదు, ఎక్స్‌రేలో మాత్రం వేరు కొసన నల్లమచ్చ

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్ళు, షుగర్ ఉంది. కింది దవడ పన్ను పిప్పి పట్టి రెండేళ్ళ కిందట రాత్రిళ్ళు జివ్వుమని లాగేది. తర్వాత దానంతటదే తగ్గింది. ఇప్పుడు చిగురు మీద చిన్న పొక్కు లేస్తోంది, చితికినప్పుడల్లా నోరు ఉప్పగా అవుతోందట. ఎక్స్‌రే తీస్తే వేరు కొసన మినపగింజంత నల్లమచ్చ. "అక్కడ ఎముక పోయింది, రూట్ కెనాల్ చెయ్యాలి" అన్నారు. నొప్పే లేనప్పుడు ఎముక ఎలా పోతుంది? యాంటీబయాటిక్స్ సరిపోవా? అమ్మ బాగా టెన్షన్ పడుతోంది.

జవాబు: నేను పళ్ళ డాక్టర్‌నండీ. నొప్పి ఆగింది పంటి లోపలి గుజ్జు చచ్చిపోయినందుకే, నరం ఉండేది అందులోనే. గుజ్జుతో పాటు రక్తనాళాలూ పోయాయి. ఇక వేరు లోపల గుజ్జు ఉండే గొట్టంలో చేరిన బ్యాక్టీరియా దగ్గరికి తెల్ల రక్తకణాలు వెళ్ళలేవు, మింగిన మాత్రా చేరదు. ఈ ఒక్క సంగతి అమ్మగారికి అర్థమయ్యేలా చెప్పండి.

లోపలికి పోలేని కణాలు వేరు కొస దగ్గర కాపు కాస్తాయి. ముందు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వస్తాయి, పోరాడి చచ్చినవే చీముగా మారతాయి. ఆ వెనకే మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్లు అనే ఇతర రక్షణ కణాలు. ఇవి వదిలే ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాల వల్ల ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు పుట్టుకొస్తాయి. అంటే ఎముకను కరిగించింది ప్రధానంగా మన ఒంటి కణాలే. ఖాళీ అయిన చోట రక్షణ కణాలతో నిండిన మెత్తటి కండ పెరిగి, ఇన్‌ఫెక్షన్ దవడలోకి పాకకుండా అడ్డు నిలుస్తుంది. మీరు చూసిన నల్లమచ్చ అదే అయ్యుండాలి.

1965లో కాకెహాషి అనే పరిశోధకుడి బృందం ఎలుకల పళ్ళకు గుజ్జు దాకా రంధ్రం చేసి చూసింది. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్ళి వేరు కొసన గడ్డలు కట్టాయి. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల్లో రంధ్రంలో తిండి ఇరుక్కున్నా గుజ్జు బతికింది, పైన కొత్త డెంటిన్ (పంటి లోపలి గట్టి పొర) కూడా కట్టింది. అందుకే లోపలి బ్యాక్టీరియాని శుభ్రం చెయ్యడమే అసలు వైద్యం, రూట్ కెనాల్‌లో చేసేది అదే.

ఇంకొకరు: అక్కా, మా నాన్నకి ఇదే జరిగింది. వాపు వచ్చినప్పుడల్లా ఒక క్లినిక్‌లో మాత్రలిచ్చి పంపేవారు. మూడోసారి దవడ కింద గట్టిగా వాచి నోరు తెరవలేకపోయారు, ఆసుపత్రిలో చేర్చాం. దయచేసి ఆలస్యం చెయ్యకండి.

ప్రశ్న: షుగర్‌తో భయం లేదా డాక్టర్ గారూ? ఎముక మళ్ళీ వస్తుందా?

జవాబు: చాలామందికి వస్తుందండీ. ఆరు నెలలకి, ఏడాదికి ఎక్స్‌రే తీసి చూస్తాం. మచ్చ పూర్తిగా పూడటానికి కొందరికి నాలుగేళ్ళు కూడా పట్టొచ్చు, షుగర్ ఎక్కువుంటే ఇంకాస్త నెమ్మది. రూట్ కెనాల్ చేసే రోజు టిఫిన్ తిని, షుగర్ మందు ఎప్పటిలాగే వేసుకుని రమ్మనండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, సొంతంగా ఆపొద్దు. గుజ్జు చచ్చిన పన్ను కాబట్టి పెద్దగా నొప్పి ఉండదు, అయినా మత్తు ఇస్తారు. ఈలోగా జ్వరం, ముఖం వాపు, మింగడానికి గానీ ఊపిరికి గానీ ఇబ్బంది వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.