97 జిప్సీ కింగ్: 20 లీటర్లకి 112 కిలోమీటర్లే, ఎక్కడ తాగేస్తోందండి?

రాజోలు_జిప్సీ:
అందరికీ నమస్కారమండి. నాది 97 మోడల్ మారుతీ జిప్సీ కింగ్ జీపు, 1298 సీసీ, కార్బురేటర్ (పెట్రోలుని గాలిలో కలిపి ఇంజినుకి పంపేది) బండి. ఇదివరకు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండండి, కొన్నప్పుడు కాళ్ళ కింద రోడ్డు కనపడేది, డోరు అడుగున వేలు పెడితే అటుపక్కకి వచ్చేసేది. రెండేళ్ళు పట్టింది, టింకరింగు పెయింటింగు, ఛాసిస్ తుప్పు గీకించడం, ఇంజినుకి రింగులు, వాల్వు సీటింగు, క్లచ్ ప్లేటు, కొత్త టైర్లు 235/75 ఆర్15 అన్నీ అయ్యేయి. ఇప్పుడు పెళ్ళికొడుకులా ఉంది గానీ పెట్రోలు దగ్గరకొచ్చేసరికి ఏనుగే. ఫుల్లు కొట్టించి పాలకొల్లు రెండుసార్లు వెళ్ళొచ్చి ఊళ్ళో కొంచెం తిరిగి మళ్ళీ ఫుల్లు కొట్టిస్తే 20 లీటర్లు పట్టింది, మీటర్లో 112 కిలోమీటర్లు. అంటే లీటరుకి 5.6 అండి!

మెకానిక్కు కార్బురేటర్ పోయిందన్నాడు, బజార్లో దొరికేది కొత్తది కొని వేయించాను, తేడా ఏం లేదు. ఇప్పుడు ఇంకో షెడ్డులో ఈ ఇంజిన్ దింపేసి ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేకుండా కంప్యూటరు లెక్కతో పెట్రోలు చిమ్మే) ఇంజిన్ పెట్టేద్దాం అంటున్నారు. దింపమంటారా? ఇంట్లో ఇప్పటికే నాతో సగమే మాట్లాడుతున్నారు.

భీమారం_బుల్లోడు:
జిప్సీ కొనుక్కుని మైలేజీ అడగకూడదు గురూ. అయినా ఇప్పుడొచ్చే పెట్రోలంతా ఇథనాల్ కలిపిన ఈ20 కదా, దానివల్లే. యానాం వెళ్ళి కొట్టించుకో, కనీసం రేటైనా తగ్గుద్ది.

మెట్టపక్కోడు:
బుల్లోడు గారూ, యానాంలో రేటు తక్కువ నిజమే గానీ రాజోలు నించి అక్కడికి వెళ్ళిరావడానికే ఈయన బండి ఎంత తాగుద్దో లెక్కేసేరా. ఈ20 వల్ల తగ్గుద్ది, కాదనను, ఇథనాల్లో పెట్రోలు కంటే మూడోవంతు దాకా శక్తి తక్కువ, అంటే 20 శాతం కలిపితే నూటికి ఆరేడు వంతులు పోద్ది. పది ఇచ్చే బండి తొమ్మిదిన్నరకి దగ్గర్లో ఆగాలి, ఐదున్నరకి ఎందుకు పడుద్ది? పాత బండికి ఈ20 తో అసలు భయం రబ్బరు పైపులు, పెట్రోలు పంపులో ఉండే పల్చటి పొర, అదే డయాఫ్రమ్, అవి మెత్తబడి చిల్లు పడతాయి. అది వేరే గొడవ.

రాజోలు గారూ, ముందు మీ మీటరే అబద్ధం చెప్తోంది. ఈ బండికి కంపెనీ టైరు 205/70 ఆర్15, ఎత్తు 668 మిల్లీమీటర్లు. మీరేసింది 733 పైన. చక్రం పెద్దదయ్యేసరికి ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోద్ది, మీటరుకి అది తెలీదు, పాత లెక్కే వేస్తది. దగ్గరదగ్గర పది శాతం తక్కువ చూపిస్తోంది. 112 అన్నది నిజానికి 123, మైలేజీ 6.1. తక్కువే అనుకోండి, కానీ లేని రోగానికి మందు వేయకూడదు కదా. ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని ఒక పదిహేను కిలోమీటర్లు పోల్చి చూడండి.

లంకబాబాయి:
అబ్బాయ్, ఇంజిను దింపడం అంటే ఇల్లు పీకి పందిరేసినట్టే, ఆ మాట మర్చిపో. ఆ కొత్త కార్బురేటర్ వేయించేముందు ఎవరైనా ప్లగ్గులు ఊడదీసి చూసేరా? ముందు అది చెయ్యి. పొడి మసి, చీకటి నలుపు ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని. ఇటుకరాయి రంగులో ఉంటే ఇంజిన్ జోలికే వెళ్ళకు, తప్పు కింద ఎక్కడో ఉంది.

ఇంజిన్ ఆయిల్ కొలిచే డిప్ స్టిక్ తీసి వాసన చూడు. ఆయిల్ లెవెలు పెరిగి పెట్రోలు కంపు కొడితే బండి స్టార్టు చెయ్యకు, పంపు డయాఫ్రమ్ చిరిగి ఆయిల్లోకి దిగుతుండొచ్చు, బేరింగులు పోతాయి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ మూత తీసి ఇంజిన్ ఆపి కార్బురేటర్ గొంతులోకి టార్చి వేసి చూడు, పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, అదే జెట్టు, దాని దగ్గర ఇంకా చుక్కలు కారుతుంటే పెట్రోలుని ఆపే నీడిల్ వాల్వు మూసుకోవట్లేదు. చుట్ట కాల్చుకుంటూ చూడకు, మా ఊళ్ళో ఒకాయన మీసం అలాగే పోయింది. చోకు నాబ్ (చల్లటి ఇంజిన్ స్టార్టవడానికి గాలి తగ్గించేది) పూర్తిగా లోపలికి తోసేసి పైన రేకు నిలువుగా నిలబడిందో లేదో కూడా చూడు. పెయింటింగప్పుడు ఊడదీసిన వైరు తిరిగి బిగించేటప్పుడు చాలామంది పొట్టిగా బిగించేస్తారు, నాబ్ లోపలే ఉంటది గానీ రేకు సగం మూసే ఉంటది.

ఇవన్నీ ఒకెత్తు. మనది పల్లపు సీమ, ఘాటీలు లేవు, గోదారి వంతెన ఎక్కడమే మనకి కొండెక్కడం. అలాంటప్పుడు న్యూట్రల్ చేసి వదిలితే బండి హాయిగా దొర్లాలి. రేపు పాలకొల్లు వెళ్ళినప్పుడు చించినాడ వంతెన దాటేక పక్కకి ఆపు, బ్రేకు గట్టిగా కొట్టకుండా ఆపు సుమా, దిగి నాలుగు రిమ్ముల దగ్గరా వెనక చెయ్యి పెట్టి చూడు. నాలుగూ ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒకటి కాలుతుంటే నీ పెట్రోలు అక్కడే మండుతోంది. ముందు చక్రాల హబ్బులు ఫ్రీలో ఉన్నాయా, ఫోర్ వీల్ లీవరు 2హెచ్‌లోనే, అంటే వెనక చక్రాలే లాగేలా ఉందా, అది నేను చెప్పాలా?

రాజోలు_జిప్సీ:
బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే చూసేనండి. ఆయిల్ బాగానే ఉంది, వాసన లేదు. హబ్బులు ఫ్రీయే. ప్లగ్గులు నాలుగూ నల్లగా, వేలికి మసి అంటుతోంది. చోకు రేకు, మీ మాటే నిజం, ఏటవాలుగా ఆగిపోయింది. ఇంకోటండి, టెంపరేచర్ ముల్లు ఎంతసేపు తోలినా అడుగునే ఉంటోంది, బండి చల్లగా నడుస్తోందని నేను సంతోషపడిపోతున్నాను.

అసలు సంగతి వినండి. వంతెన దాటి ఆపి దిగితే కుడిపక్క ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టలేకపోయాను. మీద నీళ్ళు చల్లితే చుయ్ మంది.

లంకబాబాయి:
దొరికాడు దొంగ. ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు. ముల్లు పైకి లేవట్లేదంటే వేడెక్కుద్దన్న భయంతో ఎవడో థర్మోస్టాట్ పీకేశాడు. అది లేకపోతే నీళ్ళు ఎప్పుడూ రేడియేటర్లో తిరుగుతూనే ఉంటాయి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, పెట్రోలు సరిగ్గా ఆవిరవదు, గోడలకి అంటుకుంటది. కొత్తది వేయించు, దాని ఖరీదు నువ్వు రోజూ పారబోసేదాంతో పోలిస్తే ఏపాటి.

కుడి చక్రానికి బ్రేకు ప్యాడ్లని నొక్కే కాలిపర్ విప్పేసే ముందు ఒక పరీక్ష ఉంది. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టి ముందు జాకీ ఎత్తు, బ్రేకు తొక్కి వదులు, చక్రం తిప్పు. తిరక్కపోతే కాలిపర్ మీద బ్రేకు ఆయిల్ వదిలే చిన్న మర, అదే బ్లీడ్ నిపిల్, పానాతో కొంచెం లూజు చెయ్యి. సర్రున ఆయిల్ చిమ్మి చక్రం వదిలేస్తే కాలిపర్ లోపలి పిస్టన్ తప్పు కాదు, రబ్బరు హోసు లోపల ఉబ్బిపోయి ఆయిల్ని వెళ్ళనిస్తోంది, వెనక్కి రానివ్వట్లేదు. నిపిల్ లూజు చేసినా వదలకపోతే పిస్టన్ తుప్పు పట్టి ఇరుక్కుంది. చెరువుల ఉప్పు కదా. హోసయితే రెండుపక్కలా మార్చు, బ్లీడింగు చేయించి బ్రేకు పైపుల్లో గాలి తీయించాకే రోడ్డెక్కు.

మెట్టపక్కోడు:
పాత కార్బురేటర్ పారేయలేదు కదా? మార్కెట్లో దొరికే కొత్తవాటికి జెట్టు సైజులు తేడాగా ఉంటాయి. ఒరిజినల్దే రిపేరు కిట్టు వేసి శుభ్రం చేయిస్తే మేలు.

రాజోలు_జిప్సీ:
పది రోజుల తర్వాత వచ్చేనండి, ఏమనుకోకండి, మధ్యలో మా చెల్లి గృహప్రవేశం. నిపిల్ లూజు చేయగానే ఆయిల్ చిమ్మి చక్రం ఒక్కసారి వదిలేసిందండి, హోసే. కోసి చూస్తే లోపల రంధ్రం సూది బెజ్జమంత ఉంది, బయటికేమో నిగనిగలాడుతోంది. రెండు హోసులు, థర్మోస్టాట్, చోకు వైరు సరిచేయడం, పాత కార్బురేటర్ బిస్కెట్ డబ్బాలోంచి తీసి కిట్టు వేయించడం, అన్నీ కలిపినా ఆ కొత్త కార్బురేటర్ ఖరీదు కాలేదు.

నిన్న మళ్ళీ అదే బంకు, అదే పంపు, ఫుల్లు నించి ఫుల్లు. మీటర్లో 163, అంటే నిజంగా 179, పెట్రోలు 19.4 లీటర్లు. 9.2 అండి! ముల్లు ఇప్పుడు మధ్యలో నిలబడుతోంది, మొదట భయమేసింది గానీ అలవాటైంది. ఎక్కడికెళ్ళొచ్చినా దిగి రిమ్ములు నాలుగూ తడిమి చూస్తున్నాను, బండికేమైనా జ్వరమొచ్చిందా అంటోంది మా ఆవిడ. మాటైతే పూర్తిగా కలిసిందండి, ఆయ్.