డంజన్ అంటే చెర కాదు, నేలమాళిగ

నిన్న మన గుంపులో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న ఇది: "మా పిల్లల కోసం 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పాతకాలపు రూల్స్ తెలుగులో రాసుకుంటున్నాను. పాచికలకీ, మంత్రాలకీ, కత్తులకీ మాటలు దొరికాయి. ఆట పేరులోని మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. డంజన్‌ని ఏమనాలి? నిఘంటువులో చెరసాల, కారాగృహం అని ఉంది. అలా రాస్తే పిల్లలు ఇదేదో జైలు ఆట అనుకుంటారు."

వ్యాఖ్యల్లో రెండు ముక్కలు రాస్తే సరిపోదనిపించి విడిగా పోస్టు పెడుతున్నాను. ఆట తెలియనివాళ్లకి ఒక్క మాట: ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుని, మాటలతో, పాచికలతో సాహసాలు ఆడే ఆట ఇది. ఒకరు మాత్రం ఆట నడుపుతారు.

మీ అనుమానం నిజమేనండీ. ఇంగ్లీషులో మామూలుగా డంజన్ అంటే కోట అడుగున ఖైదీని పడేసే చీకటి కొట్టే. కానీ ఈ ఆటలో డంజన్‌లోకి ఎవరినీ ఈడ్చుకెళ్లి పడేయరు. ఆటగాళ్లే దివిటీలు, తాళ్లు, నేలను పొడిచి చూసుకోవడానికి పదడుగుల కర్ర కొనుక్కుని మరీ దిగుతారు. దిగేది నిధి కోసం. పాత రూల్స్‌లో భూతాన్ని చంపితే వచ్చే అనుభవం (పాత్ర ఎదగడానికి కూడబెట్టే పాయింట్లు) కొంచెమే. అసలు అనుభవమంతా పైకి మోసుకొచ్చిన బంగారంలో ఉంటుంది. ఒక బంగారు నాణేనికి ఒక పాయింటు అని లెక్క. అందుకే తెలివైన జట్టు భూతంతో కలబడకుండా, దాని కన్నుగప్పి పెట్టె ఎత్తుకొస్తుంది. ఇలాంటి చోటిని చెర అంటే ఆట గుట్టే పోతుంది.

ఈ ఆట 1974లో అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వచ్చింది. రాసినవాళ్లు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. అట్టపెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, ధర 10 డాలర్లు, మొదటి విడతలో అచ్చేసింది 1,000 పెట్టెలు. అంతకు ముందు వీళ్లిద్దరూ బొమ్మ సైనికులతో యుద్ధాల ఆటలు ఆడేవాళ్లే. మిన్నెసోటాలో ఆర్నెసన్ తాను కల్పించిన బ్లాక్‌మూర్ అనే లోకంలో ఆటగాళ్లని కోట కిందికి దించాడు. ఒక్కొక్కరికీ ఒక్కో పాత్ర. సైన్యాల లెక్క పోయి, ఎవరి ప్రాణం వాళ్లదైంది. ఆ ఆట ఆడి చూసిన గైగాక్స్ తన ఊళ్లో గ్రేహాక్ కోట అనే సొంత ఆటలోకాన్ని మొదలుపెట్టాడు. రెండు లోకాల్లోనూ పైన కనిపించేది కోట, ఆట నడిచేది దాని కింద.

ఇప్పుడు మాట సంగతికి వస్తాను. డంజన్ ఇంగ్లీషులోకి పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది. అక్కడ దోంజోఁ అంటే కోట మధ్యలో ఉండే ఎత్తైన బురుజు, దొర నివాసం. దాని వెనక ఉన్న లాటిన్ మూలం 'ప్రభువు' అనే అర్థమిచ్చే దొమినుస్. ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చాక బురుజు పైనుంచి కోట అడుగుకి దిగిపోయింది. ఫ్రెంచ్‌లో మాత్రం ఇప్పటికీ పైనే ఉంది. ప్యారిస్ పక్కన వాన్సెన్ కోటలో దాదాపు 50 మీటర్ల ఎత్తున నిలబడ్డ రాజుల బురుజుని దోంజోఁ అనే అంటారు. తర్వాతి కాలంలో ఆ బురుజే ఖైదుగా మారింది. 1749లో ఫ్రెంచ్ రచయిత దిదెరోను బంధించింది వాన్సెన్‌లోనే. దొర ఇల్లు ఖైదు ఎలా అవుతుందో అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇంగ్లీషులో ఆ పై బురుజుకి 'కీప్' అనే వేరే మాట స్థిరపడింది. 1979లో గైగాక్స్ ఈ ఆట కోసం రాసిన ఒక పేరున్న సాహసగాథ పేరులోనే ఈ కీప్ ఉంది. అందులో ఆటగాళ్లు సరిహద్దు మీది కోటలో బస చేసి, దగ్గరలోని గుహల్లోకి దిగుతుంటారు. అంటే ఒకప్పుడు ఒక్క మాటగా ఉన్నది రెండుగా చీలి, ఒకటి బస, ఇంకోటి గండం అయింది.

మన నేలమాళిగ చూడండి. మాళిగ అంటే మేడ, భవనం. తమిళంలో మాళిగై అంటే నేటికీ భవంతే, కన్నడంలో మాళిగె అంటే మిద్దె. పైన ఉండాల్సిన మాటకి ముందు 'నేల' చేర్చి మనవాళ్లు దాన్ని భూమిలోకి దించారు. డంజన్ నడిచిన దారే ఇది! ఎవరూ ఎవరినీ చూసి రాయలేదు, అయినా రెండు భాషల్లోనూ మేడ మాటే నేల కిందికి వెళ్లింది. పైగా నేలమాళిగ అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది ఖైదీ కాదు, నిధి. 2011లో తిరువనంతపురం అనంత పద్మనాభస్వామి ఆలయంలో గదులు తెరిచినప్పుడు మన పత్రికలు 'నేలమాళిగలు' అని రాశాయి. తెరవని గది గురించి, నాగబంధం గురించి ఊరూరా మాట్లాడుకున్నారు. నిధి, మూసిన తలుపు, తెరిస్తే ఏమవుతుందోనన్న భయం: ఆటకు కావలసిన మూడూ ఆ మాటలో ముందే ఉన్నాయి. అందుకే నా ఓటు దానికే.

వ్యాఖ్య, హైదరాబాద్ నుంచి: "బందిఖానా అనొచ్చు కదా అన్నా? గోల్కొండలో రామదాసు బందిఖానా అందరూ చూసిందే. పిల్లలకు వెంటనే అర్థమైతది."

అర్థమవుతుంది తమ్ముడూ, కానీ తప్పుగా అర్థమవుతుంది. రామదాసు బందిఖానా తలుచుకుంటే లోపలున్నవాడు ఎప్పుడు బయటపడతాడా అని మనసు కొట్టుకుంటుంది. ఈ ఆటలో ఇంకో అంతస్తు దిగుదామా వద్దా అన్న తహతహ. ఆటలో ఎక్కడైనా నిజంగా ఖైదు గది తగిలితే అక్కడ బందిఖానా వాడండి, బాగా నప్పుతుంది.

వ్యాఖ్య, అనంతపురం నుంచి: "మా వైపు పాతర ఉందండీ. భూమిలో గుంత తీసి జొన్నలు పోసి మూసేవాళ్లు. చాలా రోజులకు తెరిచినప్పుడు వెంటనే లోపలికి దిగొద్దు, గాలి ఆడనివ్వాలి అని పెద్దవాళ్లు అరిచేవాళ్లు. మీ డంజన్‌కి ఇది పనికిరాదా?"

ఈ వ్యాఖ్య చదివి చాలా సంతోషం వేసింది మాస్టారూ. ఎందుకంటే స్పానిష్‌వాళ్లు సరిగ్గా అదే పని చేశారు. స్పానిష్‌లో డంజన్‌ని మస్‌మోర్రా అంటారు. అది అరబ్బీ నుంచి వచ్చింది. అరబ్బీలో అసలు అర్థం ధాన్యం దాచే భూగర్భపు గుంత. మీ పాతరే! అయితే తెలుగులో పాతర ఒక్క గుంతే కదా, అందులో నడవాలూ మలుపులూ గదుల వెంట గదులూ ఊహించుకోలేం. ఆట మొత్తానికి కాకుండా, అడుగున నిధి దాచిన గుంతకి పాతర అని రాస్తే ప్రాణం లేచొస్తుంది. మీరు చెప్పిన చెడుగాలిని కూడా ఆటలో పెట్టుకోవచ్చు. మూత తీసి ఆగకుండా దిగినవాడు పాచిక వేయాలి.

వ్యాఖ్య, రాజమండ్రి నుంచి: "నేలమాళిగ అంటే మనిషి కట్టింది. గుహల్లో ఆడితే? బిలం అనే మంచి మాట ఉండగా వదిలేస్తారా? కిష్కింధకాండలో ఋక్షబిలం ఉంది కదండీ."

వదలనండీ. నిజానికి ఆ ఘట్టం ఈ ఆట ఆడినవాళ్లెవరైనా మళ్లీ చదవాలి. దక్షిణ దిక్కుకు వెతకబోయిన హనుమంతుడు, అంగదుడు, మిగతా వానరులు దాహంతో నీరసించి ఉంటారు. ఒక బిలంలోంచి రెక్కలు తడిసిన పక్షులు బయటికి రావడం చూస్తారు. అంటే లోపల నీళ్లున్నాయి! ఒకరినొకరు పట్టుకుని చీకట్లో నడుస్తారు. చివరికి మయుడు కట్టిన బంగారు వనం, అక్కడ కాపలా ఉన్న స్వయంప్రభ. బయటికి వచ్చే దారి తమంతట తాము కనుక్కోలేరు, కళ్లు మూసుకుంటే ఆమే బయట పెడుతుంది. తడి రెక్కలని బట్టి నీళ్లని పసిగట్టడం ఉంది చూశారూ, పాత ఆటలో మంచి ఆటగాడు చేసే పని అచ్చంగా ఇదే. అందులో పాచిక వేయడం ఉండదు. తీర్పరి, అంటే ఆట నడిపేవాడు, చెప్పింది శ్రద్ధగా విని, ఆలోచించడమే. కాబట్టి సహజమైన గుహ అయితే బిలం, కట్టడమైతే నేలమాళిగ.

తీర్పరి అన్నాను కాబట్టి ఆ సంగతి కూడా. 'డంజన్ మాస్టర్' అన్నది తర్వాత పేరొచ్చిన మాట. 1974 పుస్తకాల్లో ఆట నడిపేవాణ్ని 'రిఫరీ' అనే అన్నారు. అందుకు తీర్పరి అన్న మన మాట చక్కగా సరిపోతుంది. కొందరు సూత్రధారి అంటున్నారు. నాకు నచ్చలేదు. సూత్రధారికి కథ ముందే తెలుసు, చేతిలో దారాలుంటాయి. పాత ఆటలో నడిపేవాడికి పటం తెలుసు, కథ తెలియదు. ఆటగాళ్లు ఎడమకి తిరుగుతారో కుడికి తిరుగుతారో వాళ్లిష్టం, తిరిగాక తీర్పు చెప్పడం ఇతని పని.

వ్యాఖ్య, మొదట ప్రశ్న అడిగిన సభ్యురాలు: "చాలా థ్యాంక్సండీ. ఇంకో చిక్కు. లెవెల్ అనే మాట పుస్తకమంతా ఉంది. పాత్రకీ లెవెలే, డంజన్‌కీ లెవెలే, మంత్రానికీ లెవెలే. పిల్లలకి చెప్పేసరికి నాకే తల తిరుగుతోంది. ఇంకో మాట, 'సేవింగ్ త్రో'ని (ఆపద తప్పించుకోవడానికి వేసే పాచికని) నేను గండం అని రాశాను. విషగండం, రాతిగండం, నిప్పుగండం అని. మా అత్తగారు పంచాంగం చూసి నీటిగండం ఉంది అంటుంటారు, అది విని తట్టింది. బాగుందా?"

చాలా బాగుంది! 1974 పట్టికలో గండాలు ఐదు రకాలు. అందులో విషం, రాయిగా మారిపోవడం, డ్రాగన్ ఊపిరి మూడూ మీ మాటల్లో అలా అమరిపోయాయి. 20 ముఖాల పాచిక వేసి, చెప్పిన అంకె గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే గండం గడిచినట్టు. మన ఇళ్లలో ఎలా అంటామో అలాగే. దీన్ని ఎవరూ మార్చొద్దని నా మనవి.

లెవెల్ చిక్కు మీ ఒక్కరిదే కాదు. 1978లో వచ్చిన ఆటగాళ్ల పుస్తకంలో గైగాక్స్ దీని గురించే వివరణ ఇచ్చుకున్నాడు. పాత్రకి ఒక మాట, మంత్రానికి ఇంకోటి, భూతానికి మరోటి పెడదామని ముందు అనుకున్నారట. కానీ లెవెల్ అప్పటికే ఆటగాళ్ల నోళ్లలో నానిపోయింది, వదిలేశారు. తెలుగులో మనం ఇప్పుడే మొదలుపెడుతున్నాం కాబట్టి ఆ ఇబ్బంది లేదు. పాత్రకి లెవెల్ అనే ఉంచండి, పిల్లలు ఫోన్ ఆటల్లో రోజూ అనే మాటే. నేలమాళిగకి అంతస్తు. మంత్రానికి మెట్టు. మూడో అంతస్తులో, రెండో మెట్టు మంత్రం, నాలుగో లెవెల్ పాత్ర. ఎక్కడా తడబడరు. ఒక్క జాగ్రత్త: అంతస్తు అనగానే పైకి లెక్కపెట్టడం మన అలవాటు. ఇక్కడ లెక్క కిందికి సాగుతుంది, ఎంత లోతుకి దిగితే అంత ప్రమాదం, అంత బంగారం. 'కింది మూడో అంతస్తు' అని రాయండి.

వ్యాఖ్య, డల్లాస్ నుంచి: "నేను పాత రూల్స్‌తోనే ఆడుతుంటాను. ఒక విషయం అందరూ మర్చిపోతున్నారు. 1974 పెట్టెలోని మూడో పుస్తకం పేరులో డంజన్ అన్న మాటే లేదు, 'అండర్‌వరల్డ్' అని ఉంది. అంటే పాతాళం. అది కదా అసలు మాట?"

సరైన చోట పట్టుకున్నారండీ. ఆ పుస్తకంలో తలుపుల రూల్ చదివితే మీ మాటకి ఇంకా బలం వస్తుంది. ఆటగాళ్లు తోస్తే తలుపు మామూలుగా తెరుచుకోదు. ఆరు ముఖాల పాచిక మీద ఒకటో రెండో పడితేనే తెరుచుకుంటుంది. వదిలేస్తే చాలావరకు తనంతట తానే మూసుకుంటుంది. అదే తలుపు లోపలి భూతాలకి మాత్రం దానంతటదే తెరుచుకుంటుంది. చీకటి కూడా వాటికి అడ్డు కాదు, మనకి దివిటీ ఆరితే అంతే సంగతులు. మామూలు కట్టడం ఇలా పక్షపాతం చూపించదు. ఆ చోటుకే మనమంటే గిట్టదు. ఆ భావం నేలమాళిగ అన్న మాటలో లేదు, పాతాళంలో ఉంది.

అయినా గదికీ నడవాకీ పటానికీ పాతాళం అనలేం. 'గళ్ల కాగితం మీద నేలమాళిగ గీయండి, ఒక గడి అంటే 10 అడుగులు' అని రాస్తే పిల్లాడు పెన్సిల్ తీసుకుని గీస్తాడు. 'పాతాళం గీయండి' అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చూస్తాడు. పుస్తకానికి, ఆ లోకానికి పాతాళం అని పేరు పెట్టి, లోపల రూల్స్‌లో నేలమాళిగ అని వాడితే రెండూ నిలుస్తాయి. తలుపుల రూల్ నేనిలా రాసి చూశాను:

"నేలమాళిగ తలుపులు బిగుసుకుని ఉంటాయి. తోసేవాడు ఆరు ముఖాల పాచిక వేయాలి. ఒకటి గానీ రెండు గానీ పడితే తలుపు తెరుచుకుంటుంది. చేయి తీస్తే మళ్లీ మూసుకుంటుంది. తెరిచి ఉంచాలంటే సందులో మేకు దిగ్గొట్టాలి. పాతాళవాసులకు ఏ తలుపూ అడ్డు కాదు."

మేకు అన్న చోట నాకింకా తృప్తి లేదు. తలుపు మూసుకోకుండా సందులో దోపే చెక్కముక్కకి గానీ ఇనపముక్కకి గానీ మీ మీ ఊళ్లలో ఏమంటారో రాయండి. వడ్రంగం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే మరీ మంచిది.